ఏడున్నర సెకన్ల శని

మా ఇంట్లో భోజనాల దగ్గర నేను ఏదైనా విషయం ఎత్తుకుంటే, ముందుగా మా ఆవిడకి ఇడ్లీపిండి ఫ్రిజ్‌లో పెట్టలేదని గుర్తొస్తుంది. ఆ వెంటనే మావాడికి హోంవర్కు గుర్తొస్తుంది. మామూలు రోజుల్లో మేం గుర్తుచేసినా వాడికి గుర్తురాదు. ఇంక మిగిలేది మా చిన్నది. కంచంలో అన్నం ఉన్నంతసేపూ అది లేవడానికి వీల్లేదు. అదీ ఈమధ్య గబగబా తినడం నేర్చుకుంది. పాప చక్కగా తింటోందని మా ఆవిడ ఫోన్లో అందరికీ చెప్పి మురిసిపోతోంది. ఆ పుణ్యం నాదేనని ఒక్కళ్ళూ ఒప్పుకోరు.

నాకు చెప్పడం రాదనుకునేరు. మొదలుపెట్టడం బ్రహ్మాండంగా వస్తుంది. ఆపడమే రాదు. "టీపొడి అయిపోయింది, తెస్తారా?" అని అడిగితే, అస్సాంలో తేయాకు తోటలు ఎలా మొదలయ్యాయో చెప్పిగానీ చెప్పులు తొడుక్కోను. టీపొడికని వెళ్ళి పాల డబ్బా పట్టుకొస్తాను, అది వేరే సంగతి. కాలేజీ రోజుల్లో నాటకంలో నాకు ద్వారపాలకుడి వేషం ఇచ్చారు. మూడు అంకాలూ బల్లెం పట్టుకుని నిలబడ్డాను, ఒక్క డైలాగు లేదు. ఆ బాకీ ఇప్పుడు మావాళ్ళ దగ్గర వసూలు చేసుకుంటున్నానని మా ఆవిడ సిద్ధాంతం. మీ ఇంట్లో పరిస్థితి ఇంతకంటే మెరుగని మీరనుకుంటే, ఒకసారి మీ ఇంట్లోవాళ్ళని అడిగి చూడండి.

ఈ చలికాలం మా అత్తగారు రాజమండ్రి నించి న్యూజెర్సీ వచ్చారు. బయట మోకాలి లోతు మంచు. హాల్లో టీవీ, టీవీలో మా చిన్నదాని కోసం సెసమీ స్ట్రీట్. ఎనిమిదడుగుల పసుపు పక్షి, చెత్తడబ్బాలో కాపరం పెట్టిన ఆకుపచ్చ చిరాకుగాడు, బిస్కట్లు కనిపిస్తే మీద పడిపోయే నీలం భూతం. చూసీ చూసీ, వీటి వంశవృక్షం ఏమిటో కనుక్కుందామని నాకు బుద్ధి పుట్టింది. చదివితే తేలిందేమిటంటే, పిల్లలకి అక్షరాలు నేర్పే ఈ బొమ్మల షో తన నడక నేర్చుకున్నది పెద్దవాళ్ళు రాత్రిపూట చూసే ఒక అల్లరి కామెడీ షో దగ్గర. ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి నాకు తెలిసిపోయింది. మావాళ్ళకి గడ్డురోజులు మొదలయ్యాయి.

ఆ షో పేరు 'రోవన్ అండ్ మార్టిన్స్ లాఫ్-ఇన్'. 1967 సెప్టెంబరులో ఒకసారి స్పెషల్‌గా వేసి చూశారు. జనానికి ఎక్కింది. 1968 జనవరి 22 నించి ఎన్‌బీసీలో సోమవారం రాత్రుళ్ళు వచ్చేది. డాన్ రోవన్‌ది బుద్ధిమంతుడి వేషం, డిక్ మార్టిన్‌ది వెర్రిబాగులవాడి వేషం. నిర్మాత జార్జ్ ష్లాటర్. అప్పటిదాకా వెరైటీ షో అంటే ఒక మర్యాద ఉండేది. సూటు వేసుకున్న పెద్దమనిషి తెర ముందుకొచ్చి పలకరిస్తాడు. ఒక పాట, ఒక డాన్సు, తీరిగ్గా సాగే ఒక స్కిట్, మళ్ళీ పెద్దమనిషి. అచ్చం నేను మాట్లాడే పద్ధతి.

లాఫ్-ఇన్ వాళ్ళు ఆ తీరికంతా తీసి అవతల పారేశారు. రంగురంగుల బొమ్మలేసిన గోడ, గోడనిండా చిన్న చిన్న తలుపులు. ఒక తలుపు తెరుచుకుంటుంది, తల బయటికొస్తుంది, జోకు పడుతుంది, తలుపు మూసుకుంటుంది. మనం నవ్వేలోపల ఇంకో తలుపు. పార్టీలో అందరూ డాన్సు చేస్తుంటారు, ఠక్కున పాట ఆగుతుంది, ఎవరో ఒక మాట విసురుతారు, మళ్ళీ పాట. మధ్యలో ఏ సంబంధమూ లేకుండా పసుపు రెయిన్‌కోటు వేసుకున్న ఒకాయన చిన్నపిల్లల మూడుచక్రాల సైకిలు తొక్కుకుంటూ వచ్చి దబ్బున పక్కకి పడతాడు. ఎందుకొచ్చాడో, ఎందుకు పడ్డాడో ఎవరూ వివరించరు. ఒక జోకు నచ్చకపోయినా బెంగపడక్కర్లేదు, దాని వెనకే ఇంకొకటి తోసుకొస్తూ ఉంటుంది.

ఇదంతా మా ఆవిడకి చెప్పాలనిపించింది. ఆవిడ చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తోంది. లేచి పారిపోలేని సమయం చూసే మొదలుపెట్టాను. "అప్పట్లో కంప్యూటర్లో ఎడిటింగ్ ఎక్కడిది? రెండంగుళాల వెడల్పు వీడియో టేపు. దాన్ని బ్లేడు పెట్టి కోసి, అక్కర్లేనిది పారేసి, పనికొచ్చే ముక్కలు అతికించేవాళ్ళు. గంట షోకి వందలకొద్దీ కోతలు."

మా ఆవిడ పని ఆపి తలెత్తింది. ఆ కళ్ళల్లో అంత ఆసక్తి నేను పెళ్ళిచూపుల్లో కూడా చూడలేదు.

"ఆ బ్లేడు ఇప్పుడు దొరుకుతుందాండీ?" అంది.

సరే, ఆవిడ దగ్గర నా చరిత్ర అక్కడితో ఆగింది. లాఫ్-ఇన్ చరిత్ర మాత్రం ఆగలేదు. 1968-69లోనూ, 1969-70లోనూ అమెరికా టీవీ రేటింగుల్లో దానిదే మొదటి స్థానం. గోల్డీ హాన్, లిలీ టామ్లిన్ లాంటివాళ్ళకి దేశమంతా పేరొచ్చింది అందులోనే. ఇంత జనం ఇంత ఇష్టంగా చూస్తున్నదాన్ని పిల్లల కార్యక్రమం తలపెట్టినవాళ్ళు చూడకుండా ఎలా ఉంటారు?

ఆ తలపెట్టిన కథ ఒక విందులో మొదలైంది. 1966లో న్యూయార్కులో జోన్ గాంజ్ కూనీ అనే టీవీ నిర్మాత ఇంట్లో భోజనాలు. వచ్చినవాళ్ళలో లాయిడ్ మోరిసెట్ అనే సైకాలజిస్టు ఉన్నాడు, కార్నెగీ కార్పొరేషన్‌లో పెద్ద హోదా. ఆయనకో చిన్న కూతురు. ఆ పిల్ల తెల్లవారకుండానే లేచి టీవీ ముందు కూర్చునేది. ఇంకా ఏ కార్యక్రమమూ మొదలై ఉండదు, తెర మీద ఊరికే గీతల బొమ్మ ఉంటుంది. దాన్నే చూస్తూ కూర్చునేది. టీవీ చేత పిల్లలకి చదువు చెప్పించగలమా అని ఆయన కూనీని అడిగాడు.

ఈ ముక్క దగ్గర నేను పుస్తకం మూసి చాలాసేపు ఆలోచించాను. కదలని గీతల్ని కూడా పిల్లలు అంత శ్రద్ధగా చూస్తారన్నమాట. మరి కదులుతూ, చేతులు ఊపుతూ, గొంతులు మార్చి మాట్లాడే తండ్రి ఏం పాపం చేశాడు?

కూనీ ఇంకో సంగతి గమనించింది. చదవడం రాని పిల్లలు టీవీలో వచ్చే బీరు ప్రకటనల పాటలు పొల్లుపోకుండా పాడేస్తున్నారు. ఎందుకంటే ఆ ప్రకటనలు పొట్టివి, పాటలాంటివి, పదే పదే వచ్చేవి. ఆ దారిలో బీరు బదులు అక్షరాన్ని పంపితే? లాఫ్-ఇన్ చూపించింది కూడా అదే. గంటసేపు కూర్చోబెట్టాలంటే గంట పొడుగు కథ అక్కర్లేదు, నిమిషం ముక్కలు పేర్చినా గంట నిలబడుతుంది. అలా బొమ్మలు కాసేపు, కార్టూను కాసేపు, పాట కాసేపు, వీధిలో మనుషులు కాసేపు అని సెసమీ స్ట్రీట్ తయారైంది. ప్రభుత్వమూ, ఫోర్డ్, కార్నెగీ సంస్థలూ కలిసి 80 లక్షల డాలర్లు ఇచ్చాయి. 1969 నవంబరు 10న మొదటి ఎపిసోడు. ఈ కార్యక్రమాన్ని సమర్పిస్తున్నవారు డబ్ల్యూ, ఎస్, ఈ అనే అక్షరాలు, 2, 3 అనే అంకెలు అని ప్రకటనల భాషలోనే చెప్పారు.

ఇక్కడ ఎడ్వర్డ్ పామర్ అనే పరిశోధకుడు రంగంలోకి వస్తాడు. ఈయన వల్లే నా పరువు పోయింది. పిల్లవాణ్ణి టీవీ ముందు కూర్చోబెట్టి, కార్యక్రమం వేసి, పక్కనే ఇంకో తెర మీద ఏడున్నర సెకన్లకోసారి మారే ఫోటోలు వేసేవాడు. పిల్లవాడి కళ్ళు కార్యక్రమం మీదున్నాయా, పక్క ఫోటోల మీదికి పోయాయా అని రాసుకునేవాళ్ళు. కళ్ళు పక్కకి పోయిన చోట కార్యక్రమంలో తప్పున్నట్టు లెక్క. తప్పు పిల్లవాడిదని ఎవరూ అనేవాళ్ళు కాదు.

మావాడు నా జీవితంలో మొదటిసారి ఈ ఒక్క విషయం ఆసాంతం విన్నాడు. రెండు ప్రశ్నలు కూడా అడిగాడు. ఆ శ్రద్ధ చూసి మురిసిపోయాను గానీ, అనుమానించలేదు.

మర్నాడు రాత్రి భోజనాల దగ్గర ఆవకాయ సీసాకి టాబ్లెట్ ఆనించి పెట్టి ఉంది. వాడి చేతిలో నోటుబుక్కు. నేను సెసమీ స్ట్రీట్ బొమ్మల్ని తయారుచేసిన జిమ్ హెన్సన్ గురించి ఎత్తుకున్నాను. టాబ్లెట్ మీద మా నయాగరా ప్రయాణం ఫోటో పడింది. మా ఆవిడ కళ్ళు అటు పోయాయి. ఏడున్నర సెకన్లకి చిన్నదాని మొదటి పుట్టినరోజు. చిన్నది అటు తిరిగింది. తరవాత పక్కింటివాళ్ళ కుక్క. ఆ కుక్క చెవులు చాలా బావుంటాయి. నేనూ అటే చూశాను. మావాడు "నాన్న కూడా" అని పైకే అనుకుంటూ రాసుకున్నాడు.

అంత సభలోనూ మా అత్తగారొక్కరే రెప్ప వెయ్యకుండా నావంకే చూస్తున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ ఇంట్లో విద్వత్తుకి విలువిచ్చే మనిషి ఒకరున్నారని మా ఆవిడకి వినబడేలా, "ఎలా ఉందండీ, అత్తయ్యగారూ?" అన్నాను.

"మీ చొక్కాకి రెండో బొత్తాం ఊడింది బాబూ. చెబుదామని ఇందాకట్నించి చూస్తున్నా, మీరు ఆపితేనా?" అన్నారు.

ఆ రాత్రి మావాడు ఫలితాలు చదివి, నాన్న మాట ఏడున్నర సెకన్లు నిలబడుతుందని తేల్చాడు. అత్తగారు పాపం ఏ దురుద్దేశమూ లేకుండా, "ఏడున్నరంటే ఏలినాటి శని కదమ్మా?" అని కూతుర్ని అడిగారు. అదయితే ఏళ్ళ లెక్క, ఇది సెకన్ల లెక్క అని సర్దిచెప్పబోయాను. "మాకు రెండూ ఒకటేనండీ" అంది మా ఆవిడ.

హెన్సన్ గురించి ఆ రోజు చెప్పలేకపోయింది మీకు చెబుతాను. మీరు కాగితానికి అవతల ఉన్నారు కాబట్టి మీ కళ్ళు ఎటు పోతున్నాయో నాకు కనబడదు. కుర్రాడిగా ఉన్నప్పుడే, 1955లో, వాళ్ళమ్మ పాత కోటు కత్తిరించి, పింగ్‌పాంగ్ బంతిని రెండు ముక్కలు చేసి కళ్ళుగా పెట్టి ఒక బొమ్మ కుట్టాడు. అదే కెర్మిట్, తరవాత్తరవాత కప్ప అయ్యాడు. 1957లో వాషింగ్టన్‌లో విల్కిన్స్ కాఫీ వాళ్ళకి ప్రకటనలు చేశాడు. ప్రకటన మొత్తం పది సెకన్లు. అందులో రెండు కాఫీ డబ్బాకి పోతే, కథకి మిగిలేవి ఎనిమిది. ఒక బొమ్మ కాఫీ బావుందంటుంది, రెండోది నాకొద్దంటుంది. వద్దన్న బొమ్మ మీద ఫిరంగి పేలుతుంది. అయిపోయింది.

ఇది ఫోన్లో చూపిస్తే మా ఆవిడ మళ్ళీ వెయ్యమంది. "మీరు ఉప్మా వద్దన్నప్పుడల్లా నాకు ఈ ఉపాయం తట్టలేదు చూడండి" అంది.

కాబట్టి హెన్సన్‌కి క్లుప్తత ఒకరు నేర్పక్కర్లేదు. లాఫ్-ఇన్ రావడానికి పదేళ్ళ ముందే ఆయన గడియారం సెకన్లలో నడిచేది. కాకపోతే ఆ ఎనిమిది సెకన్ల మనిషికి గంట షోలో చోటుంటుందని, ముక్కల ముక్కల కార్యక్రమాన్ని దేశం తలకెత్తుకుంటుందని రుజువు చేసింది లాఫ్-ఇన్. అందుకే ఫ్రాంక్ ఆజ్‌తో కలిసి ఆయన ఆడించిన బర్ట్, ఎర్నీ అనే బొమ్మలు సెసమీ స్ట్రీట్‌లో అంత చక్కగా అమిరాయి.

ముందు ఈ బొమ్మల్ని ఆ షోలోని వీధిలోకి రానివ్వలేదు. నిజం మనుషుల్నీ బొమ్మల్నీ కలిపితే పిల్లలు తికమక పడతారని నిపుణులు చెప్పారు. బొమ్మలు వేరు, వీధి వేరు అని గిరి గీశారు. 1969 జులైలో ఫిలడెల్ఫియాలో పిల్లలకి వేసి చూస్తే, బొమ్మలు రాగానే కళ్ళు తెరకి అతుక్కున్నాయి. వీధిలో పెద్దవాళ్ళు మాట్లాడటం మొదలుపెట్టగానే చూపులు పక్కకి పోయాయి. వీధి సీన్లు మళ్ళీ తీశారు. పెద్దవాళ్ళ మధ్య నిలబడటానికి హెన్సన్ బిగ్ బర్డ్‌నీ, చెత్తడబ్బా ఆస్కార్‌నీ తయారుచేశాడు. అంటే ఆ పక్షి పుట్టడానికి కారణం పిల్లలకి పెద్దవాళ్ళ మాటలు విసుగెత్తడమే. ఇది చదివాక నాకు కొంత ఊరట కలిగింది. నా జబ్బు అంతర్జాతీయమైనది.

అన్నట్టు మొదటి సీజన్లో ఆస్కార్ ఆకుపచ్చగా ఉండడు, నారింజరంగులో ఉంటాడు. ఈ సంగతి మా చిన్నదానికి చెప్పాను. అది నా నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "అమ్మా, నాన్నకి జ్వరం లేదు" అని కేకేసింది.

అయినా నాకొక ఆయుధం దొరికింది. సెసమీ స్ట్రీట్‌లో అన్నీ వేగంగా పరిగెత్తేవి కావు. గంభీరమైన గొంతున్న జేమ్స్ ఎర్ల్ జోన్స్ అనే నటుణ్ణి పిలిచి అక్షరమాల చదివించారు. ఆయన మహా నిదానంగా, ఒక్కో అక్షరానికీ మధ్య గుడ్లురిమి చూస్తూ చదివాడు. పిల్లలు లేచిపోతారనుకుంటాం కదా, లేవలేదు. మొదట్లో ఆయన చదివాక వాళ్ళూ అనేవాళ్ళు. మళ్ళీ వేస్తే ఆయనతోపాటు అన్నారు. మళ్ళీ మళ్ళీ వేస్తే ఆయనకంటే ముందే అరిచేశారు. ఆ షో మీద పరిశోధన చేసినవాళ్ళు దీనికి ఆయన పేరే పెట్టుకున్నారు.

"చూశావా? నిదానంగా చెప్పినా పిల్లలు వింటారని శాస్త్రం ఒప్పుకుంది" అన్నాను మా ఆవిడతో, కాలరు సర్దుకుంటూ.

"ఆయన మధ్యలో ఆగాడండీ" అంది.

దీనికి జవాబేమైనా తడితే చెబుతానని ఆలోచిస్తున్నాను. ఇంకా ఆలోచిస్తున్నాను.

మధ్యాహ్నాలు అత్తగారికీ నాకూ హాలే గతి. అసలు లాఫ్-ఇన్ ఎలా ఉంటుందో చూపిద్దామని పాత ముక్కలు పెట్టాను. రెయిన్‌కోటు మనిషి సైకిలు మీంచి పడ్డప్పుడు ఆవిడ పకపకా నవ్వారు. ఆ తరవాత రిచర్డ్ నిక్సన్ వచ్చాడు. 1968 సెప్టెంబరులో, అధ్యక్ష ఎన్నికల ప్రచారం మధ్యలో, ఆ షోలో అందరికీ అలవాటైన 'సాక్ ఇట్ టు మీ' అనే మాటని మొహం గంటు పెట్టుకుని ప్రశ్నలా అనేసి పోయాడు. ఆ మాట అన్నవాళ్ళ నెత్తిన బకెట్టు నీళ్ళు గుమ్మరించడం అక్కడ రివాజు. ఈయన మీద పొయ్యలేదు. ఆ నవంబరులో ఎన్నిక గెలిచాడు కూడా.

ఇందులో నవ్వేమిటని అత్తగారు అడిగారు. నిక్సన్ ఎవరు, వియత్నాం ఏమిటి, నీళ్ళు ఎందుకు పొయ్యాలి అని నేను విడమర్చి చెబుతుంటే తెర మీద పది జోకులు వెళ్ళిపోయాయి. నేను పూర్తిచేసేసరికి ఆవిడ ఒత్తులు చేసుకోవడం మొదలుపెట్టారు.

అప్పుడు మపెట్ షో పెట్టాను. ఇది హెన్సన్ సొంత కొట్టు. సెసమీ స్ట్రీట్ వల్ల తనకి పిల్లల బొమ్మలవాడని ముద్ర పడిందని ఆయన బాధ. పెద్దవాళ్ళ కోసం 1975లో 'సాటర్డే నైట్ లైవ్' మొదటి సీజన్లో కొన్ని బొమ్మల్ని పెట్టి చూశాడు, అక్కడ పొసగలేదు. ఆ షో రచయితల్లో మైకేల్ ఓడనహ్యూ అయితే గుడ్డపీలికలకి నేను మాటలు రాయనని భీష్మించుకున్నాడు. సొంత షో ఇమ్మంటే అమెరికా నెట్‌వర్కులు తలుపు తియ్యలేదు. చివరికి లండన్ నించి లూ గ్రేడ్ అనే ఆసామి రమ్మంటే, ఇంగ్లండులో ఎల్‌స్ట్రీ స్టూడియోలో తీశారు. 1976 నించి 1981 దాకా 120 ఎపిసోడ్లు. తలుపు తియ్యనివాళ్ళ దేశంలోనూ అదే షో ఊరూరా ఆడింది.

లాఫ్-ఇన్ చూసి ఇది చూస్తే చుట్టరికం ఇట్టే తెలిసిపోతుంది. అక్కడ పార్టీలో పాట ఆగి జోకు పడేది. ఇక్కడ మొదటి సీజన్లో జంటలు జంటలుగా బొమ్మలు డాన్సు చేస్తూ కెమెరా ముందుకొచ్చి ఒక జోకు చెప్పి తిరుగుతూ వెళ్ళిపోతాయి. అక్కడ తలుపుల్లోంచి తలలు. ఇక్కడ ఇళ్ళకే నోళ్ళొచ్చి ఒకదానితో ఒకటి జోకులేసుకుంటాయి. లాఫ్-ఇన్‌లో చేతిసంచీతో ముసలాణ్ణి చావబాదే రూత్ బజ్జీ మపెట్ షో మొదటి సీజన్లోనే అతిథిగా వచ్చింది. 1990లలో సెసమీ స్ట్రీట్‌లో కొట్టు పెట్టుకుని కూర్చుంది. మూడిళ్ళకీ ఆవిడే చుట్టం.

బాల్కనీలో కూర్చుని షో మొత్తాన్నీ తిట్టిపోసే ముసలాళ్ళిద్దరు, స్టాట్లర్, వాల్డార్ఫ్, కనబడగానే అత్తగారు చేస్తున్న ఒత్తి వదిలేశారు. "వీళ్ళు మన పెళ్ళిళ్ళలో వెనక వరస కుర్చీల్లో కూర్చుని పప్పులో ఉప్పు లేదనేవాళ్ళే కదూ బాబూ?" అన్నారు. ఇంగ్లీషు ముక్క రాని మనిషికి నా వ్యాఖ్యానం లేకుండానే అర్థమైపోయింది. మిస్ పిగ్గీ అనే పందిబొమ్మ కెర్మిట్‌ని కరాటే దెబ్బ కొట్టినప్పుడు మా ఆవిడ కూడా ఆఫీసు కాల్ మ్యూట్ చేసి వచ్చి నిలబడింది. లాఫ్-ఇన్ జోకుల్లో చాలావాటికి ఇప్పుడు నాలాంటివాడు పక్కన కూర్చుని వివరించాలి. అవి ఆ వారం పేపరు చదివినవాళ్ళ కోసం రాసినవి. బొమ్మలు అక్కణ్ణించి కోత తెచ్చుకున్నాయి, పేపరు వదిలేశాయి. అందుకే ఇవి ముసలివి కాలేదు.

ఇంత తెలిశాక ఊరుకుంటానా? చిన్నదాని పుట్టినరోజుకి పిల్లలందరి ముందు నేనే బొమ్మలాట ఆడతానని ప్రకటించాను. పాత సాక్స్‌కి బొత్తాల కళ్ళు పెట్టి, ఊలుతో మీసం కుట్టాను. బొమ్మ పేరు అక్షరాలరావు. స్క్రిప్టు చాలా పేజీలు వచ్చింది. అక్షరమాల పుట్టుపూర్వోత్తరాలు అందులో ఉన్నాయి.

హెన్సన్ మనుషుల పద్ధతి ఏమిటంటే, చేతులు తలపైకెత్తి బొమ్మని ఆడిస్తూ, కింద చిన్న టీవీలో బొమ్మ ఎలా కనబడుతోందో చూసుకుంటారు. ఎర్నీలాంటి బొమ్మకి ఇద్దరు కావాలి. ఒకరు కుడిచెయ్యి తలలో పెట్టి నోరు ఆడిస్తూ, ఎడమచెయ్యి బొమ్మ ఎడమచేతి తొడుగులో పెడతారు. బొమ్మ కుడిచెయ్యి రెండో మనిషిది. నేనూ అదే పద్ధతన్నాను. సోఫా వెనక నేను, నా పక్కన మావాడు. తల, ఎడమచెయ్యి నావి. కుడిచెయ్యి వాడిది.

అక్షరాలరావు ఉపన్యాసం మొదలుపెట్టాడు. కాసేపటికి నా భుజాలు పట్టేశాయి. ముందు వరసలో ఒక కుర్రాడు బెలూన్ పిండుతూ కీచుకీచుమనిపిస్తున్నాడు. నేను గొంతు పెంచాను. అప్పుడు అక్షరాలరావు కుడిచెయ్యి తనంతట తను మెల్లగా లేచి అక్షరాలరావు నోరు మూసింది.

పిల్లలు ఘొల్లుమన్నారు. నేను నోరు విడిపించి మళ్ళీ మాట్లాడబోయాను. చెయ్యి మళ్ళీ మూసింది. ఎడమచేత్తో దాన్ని లాగాను. అది నా స్క్రిప్టు లాక్కుని గాల్లోకి విసిరింది. పిల్లలు నేలమీద దొర్లారు. సోఫా అవతల్నించి మా ఆవిడ నవ్వు, అత్తగారి నవ్వు, అందరికంటే పైన మా చిన్నదాని నవ్వు వినబడ్డాయి. నేను రాసిన పేజీల్లో ఒక్కటీ ఎవరికీ వినబడలేదు. నా ప్రదర్శన ఇంట్లో ఆ రోజు ఆడినంత బాగా ఎప్పుడూ ఆడలేదని అందరూ ఒప్పుకున్నారు. ఆడించింది మావాడని కూడా అందరికీ తెలుసు.

అప్పట్నించీ వాడికి జీతంలేని ఎడిటర్ ఉద్యోగం దొరికింది. భోజనాల దగ్గర నేను మొదలుపెట్టగానే కుడిచెయ్యి కొంచెం పైకి లేపుతాడు. నేను ముక్క తుంచేస్తాను. విచిత్రం ఏమిటంటే, ఆ తుంచిన చోట "తరవాతేమైంది?" అని చిన్నది అడుగుతోంది. నా జీవితంలో ఆ ప్రశ్న వినడం ఇదే కొత్త. ష్లాటర్ టేపు కోసినా, హెన్సన్ ఎనిమిది సెకన్లలో ఫిరంగి పేల్చినా, జోన్స్ అక్షరానికీ అక్షరానికీ మధ్య ఊరుకున్నా వీళ్ళంతా చేసింది ఒకటే. ఎదుటివాడికి కాస్త చోటు వదిలారు. నవ్వడానికైనా, అరవడానికైనా.

మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే నా మాట వినండి. జత పోయిన సాక్స్ పారెయ్యకండి. రెండు బొత్తాలు కుట్టి చేతికి తొడగండి. చెప్పదలచుకున్నది ఒక్క ముక్క చెప్పండి. కుడిచెయ్యి మాత్రం పిల్లలకే ఇవ్వండి, మీ నోరు ఎప్పుడు ముయ్యాలో వాళ్ళకే బాగా తెలుసు.